పగిలింది నాలుగు

మండపేట బైపాసు పక్కన
చేలు పూడ్చి ప్లాట్లు కొట్టిన ఏడాది
మంగతాయారు కోళ్ళు ముప్పై ఆరు.
పెద్ద ఫారం వాళ్ళు ఇక పెట్టవని
తూకానికి అమ్మేస్తుంటే
ట్రేలు సర్దే కూలిలో కోత పెట్టించుకుని
తెచ్చుకున్నవి.

పెట్టవన్నవి పెట్టాయి.
రోజూ కాదు. ఒకరోజు విడిచి ఒకరోజు,
అలిగినట్టు, మళ్ళీ గుర్తొచ్చినట్టు.

మేం అప్పటికి పునాదుల్లో ఉన్నాం.
గడ్డపార దిగితే ఇంకా చేను వాసన,
నల్లమట్టిలో తెల్లగా నత్తగుల్లలు.
అవి ఏరుకుపోయేది ఆవిడ, దంచి దాణాలో కలపడానికి.
"పెంకు గట్టిపడాలి కదండీ మేస్త్రిగారూ.
మీకు సిమెంటెలాగో దానికిదలాగ."

పొద్దున్నే ఫోన్లో రేటు వచ్చేది,
వందకింత అని, ఎవరో ఎక్కడో కూర్చుని తేల్చింది.
మొత్తం వినేది. తలూపేది.
తర్వాత తన రేటు చెప్పేది.
మంచిది ఆరు. ఉడకేసింది ఎనిమిది.
పగిలింది నాలుగు.
పగిలింది ఎప్పుడూ మా కుర్రాడు సింహాద్రికే.
వాడొచ్చే వేళకి ఒకటి తప్పకుండా పగిలి ఉండేది.
ఎలా పగిలేదో నేనడగలేదు.

మొదటి శ్లాబు రోజు
ఐదు రోజులు దాచిన తొంభై గుడ్లు ఉడికాయి.
మిల్లరు గుడగుడలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు,
ఉప్పూ కారం పొట్లం చేతులు మారుతోంది.
సిమెంటు వేళ్ళతో ఒలిస్తే
తెల్లసొన మీద మా ముద్రలు.
అలాగే తినేశాం.
ఆ బిల్డింగులో ఇసకెంతో ఇనుమెంతో
ఇప్పటికీ చెప్పగలను.
గుడ్లెన్నో ఏ బిల్లులోనూ లేదు.

రోహిణి కార్తె.
గోనెలు తడిపి రేకుల మీద పరిచేది,
అవి ఆరేలోగా మళ్ళీ తడిపేది.
శ్లాబు తడపాల్సిన పైపు
ఓ పది నిమిషాలు అటు తిప్పేవాణ్ణి,
కాంట్రాక్టరు భోజనానికి పోయినప్పుడు.
అయినా పదకొండు పోయాయి ఒక్క మధ్యాహ్నం,
నోళ్ళు తెరుచుకుని, రెక్కలు ఎడంగా పెట్టుకుని.
కాలవ గట్టున గొయ్యి తీసి సున్నం జల్లింది.
మర్నాడు రేటు వినలేదు.
ఆ పై వారం ఇంకో ఎనిమిది కొనుక్కొచ్చింది,
అవీ పెట్టవన్నవే.

ఐదంతస్తులు లేచాయి, రంగులు పడ్డాయి.
గేటు మీద ఇత్తడి అక్షరాల్లో పేరు,
అందులో పచ్చదనం అన్న మాట కూడా ఉంది.
మూడో నెలకి బాల్కనీల్లోకి వాసనొస్తోందని
కాగితం రాశారు. ఇరవై రెండు సంతకాలు.
మున్సిపాలిటీ కుర్రాడు మొహమాటపడుతూ తెచ్చిచ్చి
అర డజను కొనుక్కుని వెళ్ళాడు.

నేనప్పటికి ద్వారపూడి రోడ్డులో వేరే సైటు.
ఆవిడే ఫోన్ చేసింది.
"ఇంకా పునాదులేనా?"
"పిల్లర్లండి."
"అయితే రెండేళ్ళుంటారు."
అవతల కాసేపు ఏమీ లేదు, కోళ్ళ గొణుగుడు తప్ప.

ఆదివారం తెల్లారకుండానే దిగింది
ట్రక్కాటో వెనక, కాళ్ళ మధ్య దాణా బస్తా,
చుట్టూ బుట్టల్లో
ముప్పై మూడు మెడలు ఒకేసారి ఇటు తిరిగి.
సింహాద్రి బుట్టలు దించుతూ ఆగాడు.
గడ్డిలో, దారి కుదుపులకి పెట్టేసిన గుడ్డు,
వెచ్చగా ఉందట.
వెంట్రుకంత గీత పడింది.

వాడు నాకేసి చూసి, జేబు తడుముకుని
నాలుగు రూపాయలు తీశాడు.
"బోణీ" అని ఆవిడ కళ్ళకద్దుకుంది.

నేను పిల్లరు చువ్వలు లెక్కపెట్టుకుంటున్నాను.
ఎంతవరకొచ్చానో మర్చిపోయి
మళ్ళీ మొదటి చువ్వ పట్టుకున్నాను.